మోచేతిలో నొప్పి, ఎడమకాలిలో కారణం: ఒక జావెలిన్ కేస్ స్టడీ

పిల్లలకు జావెలిన్ నేర్పేవాళ్లం ఎక్కువగా వినే మాట మోచెయ్యి నొప్పి. భుజం, నడుం కూడా పట్టేస్తాయి కానీ పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో ముందు మొరాయించేది మోచెయ్యే, అందులోనూ లోపలి వైపు. మన దగ్గర దానికి దొరికే వైద్యం ఒకటే: ఐస్ పెట్టు, కొన్నాళ్లు ఆపు, తగ్గాక మళ్లీ విసురు. ఇక్కడ చెప్పబోయే అమ్మాయి విషయంలో ఆ వైద్యం రెండుసార్లు జరిగింది, రెండుసార్లూ నొప్పి తిరగబెట్టింది. ఆ తర్వాతే నా దగ్గరికి వచ్చింది. కారణం కోసం ఎక్కడెక్కడ వెతికామో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తున్నాను. మండలాల్లో, గురుకులాల్లో ఒంటిచేత్తో అన్ని ఆటలూ నేర్పుతున్న పీఈటీలకు ఇది పనికొస్తుందని నా నమ్మకం. అమ్మాయి పేరు, ఊరు, బడి, పోటీల వివరాలు తీసేశాను. తల్లీకూతుళ్లు ఇద్దరూ సరేనన్నాకే రాశాను.

నేపథ్యం

అమ్మాయికి అప్పటికి పదిహేనేళ్లు నిండాయి. వరంగల్‌కు ఉత్తరాన అడవి అంచున ఉన్న ఊరు, గురుకులంలో చదువు, కబడ్డీలో మంచి రైడర్. 2021 ఆగస్టు 7న నీరజ్ చోప్రా టోక్యోలో 87.58 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాక మన బడుల్లో జావెలిన్ కావాలని అడిగే పిల్లలు పెరిగారు. ఆ తేదీనే అథ్లెటిక్స్ ఫెడరేషన్ జాతీయ జావెలిన్ దినోత్సవంగా ప్రకటించింది. ఆ సెప్టెంబర్‌లో హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో 60వ నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. దేశంలోని పెద్ద పెద్ద త్రోయర్లను మన ఊళ్లోనే కళ్లారా చూసే అవకాశం అప్పుడే వచ్చింది. అవి చూసి వెళ్లిన వాళ్లలో ఈ అమ్మాయి పీఈటీ ఒకరు. బడికి ఈటె కొనే డబ్బు లేక వెదురు బొంగుకు ఇనుప మొన తొడిగి, పట్టు దగ్గర నూలు తాడు చుట్టి, పిల్లలతో విసిరించడం మొదలుపెట్టారు. ఆ పని ఎంత విలువైనదో తర్వాత తెలుస్తుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వాళ్ల ఊళ్లో అడవి పందుల బెడద ఎక్కువ. మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో మంద ఒక్క రాత్రి దిగినా చేను నేలమట్టమే. మంచె మీద కావలి పడుకునేవాళ్లు పక్కన బల్లెం పెట్టుకుంటారు. ఈ అమ్మాయి చిన్నప్పటి నుంచి దాన్ని చేతపట్టి తిరిగింది. కావలి బల్లెం విసిరే వస్తువు కాదు. మీదికొచ్చే జంతువును దూరంగా నిలబెట్టడానికి, తప్పనిసరైతే పొడవడానికి. బరువైన కర్ర, వెడల్పాటి అలుగు, రెండు చేతులతో గట్టి పట్టు. పోటీ ఈటె రెండు కొసలా సన్నబడే తేలికపాటి గొట్టం, తాడు పట్టు బరువు సమతూకం కుదిరే చోట ఉంటుంది. బల్లెం పొడిచేటప్పుడు బలం చేతి తోపులో ఉంటుంది. ఈటెకు బలం కాళ్లలో పుట్టి, నడుం, ఛాతీ, భుజం మీదుగా వచ్చి చివరికి చేతిని చేరుతుంది. ఈ అమ్మాయి చేతిలో ఆ తోపు అలవాటు కొంత ఉంది, మోచెయ్యి ముడిచి ఈటెను ముందుకు నెట్టేది. ఇది నేను మొదటి రోజే గమనించాను. కానీ నొప్పికి అసలు కారణం అదేనని అప్పుడే తేల్చేయదలచుకోలేదు. ఇలాంటి అలవాటు ఉన్న పిల్లలు చాలామంది నొప్పి లేకుండానే విసురుతారు.

వచ్చిన సమస్య

పిల్లల్ని నొప్పి ఎక్కడ అని అడిగితే చెయ్యంతా చూపిస్తారు. అందుకే ఎక్కడ అనే ప్రశ్నతో ఆపకుండా ఎప్పుడు అని కూడా అడుగుతాను.

"ఇసిరేటప్పుడా బిడ్డా, ఇసిరినంకనా?"

"ఇసిరినంక గుంజుతది సార్. తెల్లారి సంచి ఎత్తుదామంటె నొస్తది."

"మొదటి నుంచీ ఉన్నదా?"

"వెదురు దానితోని లేకుండె సార్. కొత్తది వచ్చినంకనే."

ఈ చివరి జవాబును నోట్‌బుక్‌లో గుండ్రం చుట్టి పెట్టుకున్నాను. బడికి ఎవరో దాత ఒక లోహపు ఈటె ఇచ్చారట, దాంతో సాధన మొదలైన కొన్ని వారాలకు నొప్పి వచ్చింది. దూరం కూడా ముప్పైల్లో ఆగిపోయింది. అంతకు ముందు నెలనెలా పెరిగిన అమ్మాయికి అది నొప్పి కంటే పెద్ద బాధ.

ముందు ఎముకల డాక్టర్ దగ్గరికి పంపించాను. ఈ విషయంలో నాకు రెండో ఆలోచన ఉండదు. మోచేతి లోపలి వైపు చేతికి తగిలే బుడిపె ఉంటుంది కదా, ఎదిగే వయసులో అది మిగతా ఎముకకు మృదులాస్థి పొరతో అతుక్కుని ఉంటుంది. ముంజేతి కండరాలూ, కీలును లోపలి వైపు పట్టి ఉంచే లిగమెంటూ అక్కడి నుంచే మొదలవుతాయి. ఈటె విసిరేటప్పుడు మోచెయ్యి లోపలి వైపు తెరుచుకునేలా లాగబడుతుంది. పెద్దవాళ్లలో ఆ లాగుడు లిగమెంట్‌ను దెబ్బతీస్తే, పిల్లల్లో ముందుగా ఆ పొరను దెబ్బతీస్తుంది. దాన్ని పట్టించుకోకుండా విసిరిస్తే బుడిపె ఊడి వచ్చే ప్రమాదం కూడా ఉంది. చిటికెనవేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయంటే నరం కూడా ఒత్తిడికి గురవుతోందని అర్థం. ఈ అమ్మాయికి ఆ తిమ్మిరి లేదు.

డాక్టర్ రెండు మోచేతులకూ ఎక్స్‌రే తీయించారు. ఎదిగే పిల్లల్లో ఆ పొర మామూలుగా ఎలా ఉందో తెలియాలంటే రెండో చెయ్యిని పక్కన పెట్టి చూడాలి. కుడివైపు పొర కొద్దిగా వెడల్పైందని, ఊడలేదని చెప్పారు. నెలన్నర దాకా విసరడం పూర్తిగా బంద్.

తల్లి భయం వేరు. "చెయ్యి వంకర పోతదా సార్? రేపు పెండ్లికి అడ్డమైతదేమో." అది తీసిపారేసే మాట కాదు. ఊళ్లో ఆ భయం నిజమైనది, దానికి జవాబు చెప్పకుండా సాధన కొనసాగించలేం. ఎక్స్‌రే పట్టుకుని ఆమె పక్కన కూర్చుని, ఏ పొర ఏమైంది, విశ్రాంతితో ఎలా కుదురుకుంటుంది, ఏం చేస్తే చెడుతుంది అన్నవి వివరించాను. నీరజ్ చోప్రాకు 2019లో మోచేతికి ఆపరేషన్ అయింది, తర్వాతే ఒలింపిక్ స్వర్ణం వచ్చింది అని పక్కనున్న వాళ్లు ధైర్యం చెప్పబోయారు. నేను ఆపేశాను. అది ఎదుగుదల పూర్తయిన మనిషి మోచెయ్యి, పెద్ద వైద్య బృందం చేతిలో ఉన్న మోచెయ్యి. పదిహేనేళ్ల పిల్లకు దాన్ని ఉదాహరణగా చూపిస్తే నొప్పిని ఓర్చుకోవడమే గొప్ప అనుకుంటుంది.

ఆ నెలన్నరలోనే ఒక సెలెక్షన్ మీట్ ఉంది. నొప్పి తెలియకుండా ఇంజెక్షన్ వేయించి ఒక్కరోజు విసిరిద్దామని సలహా వచ్చింది. ఒప్పుకోలేదు. పెరిగే ఎముక విషయంలో పిల్లను ఆపగలిగేది నొప్పి ఒక్కటే. దాన్ని మూసేస్తే ఎంతవరకు వెళ్లకూడదో ఆమెకు తెలిసే దారే ఉండదు. మీట్ పోయింది. అమ్మాయి రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ముందు చేసినవి, నిలబడనివి

విశ్రాంతి ముగిశాక డాక్టర్ అనుమతితో మొదలుపెట్టాం. ముందుగా రబ్బరు బ్యాండ్లతో ముంజేతి, భుజం వెనక కండరాలకు పని. అనుకున్నదేమిటంటే, కీలు చుట్టూ కండరం గట్టిపడితే లాగుడులో కొంత భారం అది మోస్తుంది. ఆ లెక్క తప్పేమీ కాదు, ఇప్పటికీ ఆ వ్యాయామాలు చేయిస్తున్నాం. కానీ తేలికపాటి త్రోలు మొదలవగానే తెల్లారి నొప్పి మళ్లీ హాజరు. భారం వచ్చే దారి మూసుకోకపోతే మోసేవాణ్ని ఎంత బలపరిచినా చాలదని అక్కడ తేలింది.

తర్వాత పట్టు మార్చాం. జావెలిన్‌కు మూడు రకాల పట్లు వాడుకలో ఉన్నాయి. బొటనవేలు, చూపుడువేలు తాడు అంచున ఆనేది అమెరికన్. బొటనవేలు, మధ్యవేలు ఆని చూపుడువేలు కర్ర వెంట చాపేది ఫిన్నిష్. చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఈటె ఇమిడేది ఫోర్క్. మోచేతి మీద ఒత్తిడి తగ్గిస్తుందని ఫోర్క్ పట్టుకు పేరు, ఎందుకంటే ఆ పట్టులో చెయ్యి పక్కకు జారడం కష్టం. ఈ అమ్మాయి ఫిన్నిష్ నుంచి ఫోర్క్‌కు మారగానే నొప్పి కొంత తగ్గింది. సంతోషించే లోపే ఇంకో తంటా వచ్చింది. పొట్టి వేళ్లు కావడంతో ఈటెకు చివరి తోపు అందలేదు, ఆ లోటు తీర్చుకోవడానికి మణికట్టు తిప్పడం మొదలుపెట్టింది. ఈటె తోక గాల్లో గిలగిలా ఊగేది. నొప్పి మోచెయ్యి దిగి మణికట్టుకు వచ్చే సూచనలు కనిపించాయి. పట్టును మళ్లీ ఫిన్నిష్‌కే తెచ్చేశాం. అయితే ఫోర్క్‌తో నొప్పి తగ్గడం ఒక ఆచూకీ ఇచ్చింది: ఆమె చెయ్యి ఎక్కడో పక్కకు పోతోంది, ఆ పక్కదారే నొప్పికి మూలం.

కొత్త ఈటె

వెదురుతో లేని నొప్పి లోహపు ఈటెతో వచ్చిందన్న మాట దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఈసారి బడి ఈటెను చేతిలోకి తీసుకుని చూశాను. 600 గ్రాములు, అంటే పెద్ద మహిళల పోటీ బరువు. 18 ఏళ్లలోపు అమ్మాయిలకు పోటీలో ఇచ్చేది 500 గ్రాములు. సాధన ఒకదాంతో, పోటీ ఇంకోదాంతో జరుగుతోంది. దానికి తోడు గొట్టం మీద 70 మీటర్ల రేటింగ్ ఉంది.

ఈ రేటింగ్ సంగతి చాలామంది పీఈటీలకు ఎవరూ చెప్పరు. ఈటెల్ని 50, 60, 70, 80 మీటర్లు అంటూ విసిరేవాళ్ల స్థాయిని బట్టి తయారుచేస్తారు. అంకె పెరిగేకొద్దీ సాధారణంగా గొట్టం బిర్రుగా ఉంటుంది. బాగా విసిరేవాళ్ల వేగానికి ఆ బిర్రు కావాలి, లేకపోతే ఈటె గాల్లో వణికి వేగం పోగొట్టుకుంటుంది. కానీ ముప్పై మీటర్ల పిల్ల చేతిలో 70 మీటర్ల ఈటె ఏ మేలూ చేయదు. విసురు ఈటె పొడవు వెంట నిటారుగా పడకపోతే మెత్తని గొట్టం కొంత వంగి ఆ తప్పును తనలో ఇముడ్చుకుంటుంది. బిర్రుది వంగదు, తప్పు తిరిగి చేతికే వస్తుంది. వెదురు పిల్లల్ని కాపాడింది అందుకే. ఎక్కువ అంకె ఉంటే ఎక్కువ దూరం పోతుందని నమ్మి దాతలు ఖరీదైనది కొనిస్తారు. ఇచ్చేవాళ్ల మనసు గొప్పదే, కొనే ముందు ఒక్కమాట అడిగితే అదే డబ్బుకు పిల్లలకు సరిపోయేవి రెండు వస్తాయి.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. నొప్పికి కారణం బరువా, బిర్రా? తేల్చాలంటే ఒక్కోసారి ఒక్కోటి మార్చి విసిరించి చూడాలి. అప్పుడు కారణం తెలుస్తుంది కానీ, కుదురుకుంటున్న పొర మీద ప్రయోగం చేసినట్టవుతుంది. నాకు కారణం తెలియడం కంటే పిల్ల మోచెయ్యి ముఖ్యం. రెండూ ఒకేసారి మార్చేశాం: 500 గ్రాములు, 50 మీటర్ల రేటింగ్. నొప్పి బాగా తగ్గింది, అయినా పూర్తిగా పోలేదు. ఎక్కువ విసిరిన రోజు మర్నాడు కొద్దిగా ఉండేది.

నేల చెప్పింది, జడ చెప్పింది

అప్పటిదాకా నేను ఆమెను చూసింది హన్మకొండ స్టేడియంలోనే. ఒకసారి వాళ్ల బడికి వెళ్లాను. మొరం గ్రౌండ్. నాలుగు త్రోలు తేలిగ్గా వేయించి, ఈటె వైపు చూడకుండా ఆమె పాదాలు పడిన చోట కూర్చుని చూశాను. ఎడమ మడమ పడిన దగ్గర గుంట ఉండాలి. అక్కడ జానెడు పొడవు గీత ఉంది, గీత చివర సన్నటి మొరం కుప్పగా తోసుకుని ఉంది. నాలుగు త్రోలకూ నాలుగు గీతలు. కాలు ఆనడం లేదు, జారుతోంది.

జావెలిన్‌లో ఎడమకాలు చేసే పని చాలామందికి కనపడదు. పరుగెత్తి వచ్చిన వేగాన్ని చివరి అడుగులో ఎడమకాలు మోకాలు వంచకుండా ఆనించి ఆపాలి. బస్సు సడెన్ బ్రేక్ వేస్తే నిలబడ్డవాళ్లు ముందుకు తూలినట్టు, కాళ్లు ఆగగానే నడుం పైభాగం ముందుకు విసురుగా వస్తుంది, ఆ విసురే చేతికి అందుతుంది. మొరం మీద కాన్వాస్ బూట్లతో మోకాలు నిటారుగా పెడితే జారి పడతారు. అందుకని ఒళ్లే తెలివిగా మోకాలు వంచడం నేర్చుకుంది. మోకాలు వంగితే బ్రేక్ పడదు, కింది నుంచి రావాల్సిన విసురు రాదు, ఆ లోటంతా చెయ్యి తీర్చాలి. అప్పటికే ఒళ్లు ముందుకు దాటిపోయి ఉంటుంది, చెయ్యి వెనక చిక్కి, మోచెయ్యి కిందికి దిగి పక్కనుంచి వస్తుంది. లోపలి వైపు తెరుచుకునే లాగుడు అక్కడే పుడుతోంది. స్టేడియంలో పరుగెత్తి వచ్చే సింథటిక్ రన్‌వే మీదికి వచ్చినా అలవాటు అలవాటే, అక్కడా మోకాలు వంచుతూనే ఉంది.

అదే రోజు ఫోన్‌లో స్లో మోషన్ వీడియో ఆమె వీపు వెనక నుంచి తీశాను. పక్క నుంచి తీసినవి నా దగ్గర చాలా ఉన్నాయి, వెనక నుంచి తీసింది అదే మొదలు. ఈటె మొన ఆమె కంటి పక్కన ఉండాల్సింది, బాగా కుడివైపుకు పోయి ఉంది. ఎందుకు? ఫ్రేము ఫ్రేముగా చూస్తే జవాబు దొరికింది. బడి పద్ధతి ప్రకారం రెండు జడలు మడిచి చెవుల పక్కన రిబ్బన్లతో కట్టుకుంది. సరిగ్గా ఈటె వెళ్లే దారిలో కుడి రిబ్బన్ ఉంది. ఈటెను వెనక్కి తీసేటప్పుడు అది రిబ్బన్‌కు తగలకుండా చెయ్యిని జానెడు దూరం జరుపుతోంది. అడిగితే ఒప్పుకుంది. "ఒకసారి చిక్కింది సార్, చెవి కాడ మస్తు నొచ్చింది. అప్పటిసంది జర దూరం పట్టుకుంట." ఆ జానెడు దూరంలోనే ఈటె గీతా చెయ్యి గీతా విడిపోతున్నాయి. మోచెయ్యి పక్కకు పోవడం అక్కడ మొదలై, కాలు జారాక పూర్తవుతోంది.

దూరం ఎందుకు ఆగిందో కూడా ఇదే వీడియోలో తెలిసింది. ఈటె ముందే పడిపోతోందని ఎవరో "పైకి ఎత్తి విసురు" అని చెప్పారట. ఆమె మొనను ఆకాశానికి ఎత్తి, చేతిని మాత్రం ముందుకు విసిరేది. ఈటె చూసే వైపు ఒకటి, వెళ్లే వైపు ఇంకొకటి అయితే గాలి దాని కడుపుకు తగిలి ఆపేస్తుంది, తోక ముందు పడుతుంది. నిబంధన ప్రకారం మొన ముందు నేలను తాకాలి, లేకపోతే త్రో చెల్లదు. పాతకాలపు ఈటెలు మొన ఎత్తినా గాల్లో తేలుతూ పోయేవి. 1984లో తూర్పు జర్మనీ ఆటగాడు ఊవె హోన్ 104.80 మీటర్లు విసిరాక మైదానాలు సరిపోవేమో అన్న భయం వచ్చింది, పైగా బల్లపరుపుగా దిగే త్రోల మీద తగువులు ఎక్కువయ్యాయి. 1986లో మగవాళ్ల ఈటెకు, 1999లో మహిళల ఈటెకు బరువు మధ్యబిందువును ముందుకు జరిపారు. అప్పటి నుంచి ఈటె తనంతట తానే మొన దించుకుంటుంది. పైకెత్తి తేలించాలన్న సలహా పాత ఈటెలకు చెల్లిందేమో, ఇప్పటి వాటికి నష్టమే.

పని చేసినవి

ముందు జడ. ఎందుకంటే దానికి ఖర్చు లేదు, ఒక్క నిమిషం పని. ప్రిన్సిపల్ మేడంతో మాట్లాడితే సాధన వేళ వెనక ఒకే ముడి వేసుకోవడానికి వెంటనే ఒప్పుకున్నారు. రిబ్బన్ పోయినా భయం పోవడానికి కొన్ని వారాలు పట్టింది. నిలబడి, మొన కంటి పక్కనుంచి ముందు చూస్తూ, పన్నెండు అడుగుల దూరంలో సున్నంతో గీసిన వలయంలో ఈటెను గుచ్చడం. దూరం లేదు, బలం లేదు, గురి మాత్రమే. నేలలో దిగిన ఈటె వాలు చూస్తే, మొన ఎటు చూస్తూ వెళ్లిందో ఆమెకే అర్థమయ్యేది. ఈటెను బయటికి లాగేటప్పుడు కూడా దిగిన వాలు వెంటే వెనక్కి లాగమని నేర్పించాను. పక్కకు ఊపి లాగితే మొన దగ్గర గొట్టం వంగుతుంది, వంగిన ఈటె మళ్లీ చేతినే బాధపెడుతుంది.

కాలు సంగతి కష్టమైంది. కాళ్లకు వ్యాయామాలు చెప్పగలం, నేలను ఏం చేస్తాం? ఇక్కడ పీఈటీ ఆలోచన అక్కరకొచ్చింది. బొగ్గు గనుల దిక్కున పాత కన్వేయర్ బెల్టు ముక్కలు స్క్రాప్‌లో దొరుకుతాయి. మందపాటి రబ్బరు, వెడల్పు కూడా మీటరుకు కాస్త అటూ ఇటూ. ఒక ముక్క తెప్పించి, మొరం తవ్వి నేలకు సమంగా పరిచి, అంచులు పాతేశారు. పూర్తి రన్‌వే కాదు, చివరి అడుగులు పడే మేర మాత్రమే. మడమ దగ్గర కూడా మేకులుండే జావెలిన్ బూట్లు ఖరీదు. ఒక సీనియర్ వాడి వదిలేసిన జత తెచ్చాం. ఒక సైజు పెద్దవి, రెండు జతల సాక్సులు వేసుకుంటే సరిపోయాయి.

బెల్టు మీద మొదటి రోజే వేగంగా పరుగెత్తించలేదు. ఇన్నాళ్లూ వంగిన మోకాలు ఒక్కసారిగా నిటారుగా ఆగితే మోకాలికీ నడుముకూ దెబ్బ. ఈటె లేకుండా నడిచి వచ్చి ఎడమకాలు ఆనించడం, తర్వాత రెండు చేతులతో మెడిసిన్ బాల్ (బరువైన బంతి) తల మీదుగా విసరడం, తర్వాత మూడడుగుల నుంచి ఈటె. ఒక మెట్టు మీద నొప్పి లేదని తేలాకే ఇంకో మెట్టు. రోజూ తెల్లారి లేవగానే నొప్పికి సున్నా నుంచి పది వరకు ఒక అంకె రాసుకోమన్నాను. రెండు దాటితే ఆ రోజు ఈటె ముట్టకూడదు. నాకు చూపించడానికి తక్కువ వేసి రాస్తుందేమోనని నోట్‌బుక్ ఆమె దగ్గరే ఉంచి, విసరాలా వద్దా అన్నది ఆమెకే వదిలేశాను. కొన్ని వారాల్లో తనే వచ్చి "ఇయ్యాల మూడున్నది సార్, బాల్ చేస్త" అనడం మొదలుపెట్టింది. ఈ కేసులో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన మాట అదే.

మోకాలు ఆగడం అలవాటయ్యాక మోచెయ్యి తనంతట తానే పైకి వచ్చింది. నేను మోచెయ్యి ఎత్తమని ఒక్కసారి కూడా చెప్పలేదు. బల్లెం తోపు అలవాటు కూడా చాలావరకు పోయింది. కింది నుంచి విసురు అందుతుంటే నెట్టే పని చేతికి మిగలదు. నొప్పి అంకెలు సున్నాకూ ఒకటికీ మధ్య నిలిచాయి, ఆగిపోయిన దూరం మళ్లీ కదిలింది. డాక్టర్ రెండోసారి తీయించిన ఎక్స్‌రేలో పొర కుదురుకుందని చెప్పారు.

మధ్యలో ఒకసారి నొప్పి తిరిగి వచ్చింది. ఒక మీట్‌లో నిర్వాహకులు ఉంచిన ఈటెల్లో మెత్తనిది లేదు, ఉన్న బిర్రుదాంతోనే విసిరింది. మర్నాడు నోట్‌బుక్‌లో నాలుగు. అది తగ్గాక ఇంకెప్పుడూ ఈటెను అదృష్టానికి వదల్లేదు. సొంత ఈటెకు అనుమతి ఉన్న పోటీలకు ముందుగానే తనిఖీకి ఇస్తాం. తనిఖీ అయ్యాక అక్కడి పిల్లలెవరైనా దాన్ని వాడుకోవచ్చు, అది ఇంకా మంచిది. అనుమతి లేని చోట అక్కడ ఏ ఈటెలున్నాయో ముందే కనుక్కుని, విసరాలా లేదా నిర్ణయిస్తాం.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మారినవి

నొప్పితో వచ్చే పిల్లలు ఇప్పుడు ఒంటరిగా రారు, వాళ్లు వాడే ఈటె, వేసుకునే బూట్లు కూడా తెచ్చుకోవాలి. బరువు, రేటింగ్ చూస్తాను, ఈటెను సమతలం మీద దొర్లించి వంగిందేమో చూస్తాను. వీలైతే వాళ్లు రోజూ విసిరే నేల మీదే మొదటి త్రో చూస్తాను, స్టేడియం రన్‌వే మీద కాదు. కుదరకపోతే పీఈటీని ఎడమ మడమ పడిన గుర్తు ఫొటో తీసి పంపమంటాను. వీడియో పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి తప్పనిసరి. జుట్టు, చున్నీ, తాయెత్తు, గాజులు, ఏది ఈటె దారికి అడ్డొస్తోందో వెనక నుంచే కనిపిస్తుంది. ఆడపిల్లలు ఇలాంటివి తమంతట తాము చెప్పరు, మగ కోచ్‌కైతే అసలు చెప్పరు. కాబట్టి అడిగే పని మనదే. అడిగేటప్పుడు తల్లో, మేడమో పక్కన ఉంటే బిడ్డ నోరు విప్పుతుంది.

వెదురు ఈటెను పక్కన పెట్టేయొద్దని కూడా పీఈటీలకు చెబుతున్నాను. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మొన దారి అలవాటు చేయడానికి, మోచెయ్యి మీద భారం పడకుండా గురి నేర్పడానికి దానంత చవకైన, దానంత క్షేమమైన సాధనం ఇంకోటి లేదు. కొస చీలలేదని, మొన ఊడిపోలేదని వారానికోసారి చూసుకుంటే చాలు. విసిరే వైపు మనిషి లేకుండా చూడటం, అందరూ విసిరాకే అందరూ కలిసి ఈటెలు తేవడం వెదురుకైనా లోహానికైనా ఒకటే నియమం.

అమ్మాయికి 18 దాటాక 600 గ్రాముల ఈటెకు మారాల్సి వస్తుంది. బరువు పెరిగిన మొదటి నెలలే మళ్లీ ప్రమాదం. వేసవిలో పోటీలు లేనప్పుడు, 600 గ్రాములైనా తక్కువ రేటింగ్ ఉన్న ఈటెతో నిలబడి విసరడం నుంచే మొదలుపెట్టాలని అనుకున్నాం. పరుగు త్రోలు కొంతకాలం 500 గ్రాముల దానితోనే. పొర పూర్తిగా మూసుకుందో లేదో ఇంకో ఎక్స్‌రే చూసి డాక్టర్ చెప్పాక తేదీ పెట్టుకుంటాం. ఈలోపు బెల్టు పొడవు ఇంకో నాలుగడుగులు పెంచాలని పీఈటీ ఇంకో ముక్క కోసం వెతుకుతున్నారు.